వీపు మీద జిప్పు కనిపించినా వదలని రాక్షసుడు

గ్రాఫిక్స్‌తో ఏదైనా చూపించగలిగే ఈ రోజుల్లో కూడా, డెబ్బై ఎనభై ఏళ్ల కిందటి నలుపు తెలుపు సినిమాలో రబ్బరు సూట్ వేసుకున్న మనిషిని రాక్షసుడని నమ్మి కళ్లప్పగించి చూసేవాళ్లు ఉన్నారు, పైగా వాళ్లు కొద్దిమందేం కాదు. ఎనిమిదేళ్ల వయసులో పట్టుకున్న ఈ పిచ్చి అరవై దాటినా వదలదు. పోస్టర్లు దాచుకుంటారు, రాక్షసుల బొమ్మలు కొని అరల్లో పెట్టుకుంటారు, ఒకే సినిమాను నలభయ్యోసారి చూస్తూ కూడా ఫలానా షాట్ వస్తోందంటే చాలు ముందుకు వంగి కూర్చుంటారు. బయటివాళ్లు దీన్ని చిన్ననాటి జ్ఞాపకాల మీద మమకారం అని ఒక్క మాటలో తేల్చేస్తుంటారు. ఆ మాట సగమే నిజం. చిన్నప్పుడు ప్రాణంగా చూసుకున్న సినిమాలు, కార్టూన్లు చాలావరకు పెద్దయ్యాక మళ్లీ పెడితే చప్పగా ఉంటాయి, పది నిమిషాలకే ఆపేస్తాం. పాత రాక్షసుల సినిమాల విషయంలో అలా జరగదు. ఎందుకు జరగదన్నదే అసలు ప్రశ్న.

జవాబు ఆ సినిమాలు తయారైన తీరులోనే ఉంది. వాటిని చేసిన చేతుల గుర్తులు తెర మీద కనిపిస్తూనే ఉంటాయి. పిల్లలకు అవి కనబడవు, భయం మాత్రమే కనబడుతుంది. కాస్త పెద్దయ్యాక ఆ గుర్తులు కళ్లపడటం మొదలై, దీన్ని ఎలా తీశారబ్బా అన్న ప్రశ్న పుడుతుంది. ఇంకొన్నేళ్లకు ఆ చేతులు ఎవరివి, ఎంత డబ్బుతో, ఎన్ని రోజుల్లో, ఏ భయాలు మనసులో పెట్టుకుని చేశారు అన్న ఆసక్తి వస్తుంది. సినిమా అదే, రీలు అదే, చూసే మనిషికి మాత్రం ప్రతి పదేళ్లకూ అందులో కొత్త గది తెరుచుకుంటూ ఉంటుంది.

ముందు బి మూవీ అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. బి అంటే నాసిరకం అని కాదు, మనవాళ్లు బి గ్రేడ్ అన్నప్పుడు ఉద్దేశించే అర్థం అసలే కాదు. 1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా థియేటర్లు ఖాళీ అవుతుంటే, జనాన్ని రప్పించడానికి ఒకే టికెట్ మీద రెండు సినిమాలు వేయడం బాగా పెరిగింది. పెద్ద తారలున్నది ఎ, దానికి తోడుగా వేసే గంటా గంటంపావు సినిమా బి. ఎ సినిమాకు వసూళ్లలో వాటా వచ్చేది, బి సినిమాకు మాత్రం సాధారణంగా ముందే ఖాయం చేసిన అద్దె ఇచ్చేవారు. అంటే ఎంత బాగా తీసినా పైసా ఎక్కువ రాదు, కాబట్టి ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే లాభానికి దారి. మోనోగ్రామ్, రిపబ్లిక్, పీఆర్‌సీ లాంటి చిన్న స్టూడియోలు ఈ లెక్క మీదే బతికాయి. వాటన్నిటినీ కలిపి పావర్టీ రో అనేవారు, పేదల వీధి అన్నమాట. 1948లో పారామౌంట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు థియేటర్ల మీద పెద్ద స్టూడియోల పట్టును సడలించింది, వెనకే టీవీ వచ్చింది, దాంతో పాత ఏర్పాటు మెల్లగా కూలిపోయింది. తక్కువ ఖర్చుతో తీసే భయం సినిమాలకు, గ్రహాంతరవాసుల సినిమాలకు ఆ పేరు మాత్రం అంటుకుపోయింది.

నిజం చెప్పాలంటే అభిమానులు ఒకే అరలో పెట్టుకునే సినిమాలన్నీ బి మూవీలు కావు. యూనివర్సల్ స్టూడియో 1931లో తీసిన డ్రాక్యులా, ఫ్రాంకెన్‌స్టైన్ ఆ ఏడాది ఆ సంస్థకు ముఖ్యమైన సినిమాలు. 1933 నాటి కింగ్ కాంగ్ అయితే అప్పటి లెక్కల్లో భారీ చిత్రమే. కానీ రాక్షసులంటే పెద్దమనుషులకున్న చిన్నచూపు వల్ల ఇవన్నీ కాలక్రమంలో ఒకే గూటికి చేరాయి, ఇష్టపడేవాళ్లు కూడా వాటిని విడదీసి చూడరు.

పిల్లల దగ్గరికి వద్దాం. ఈ ఇష్టం దాదాపు ఎప్పుడూ భయంతోనే మొదలవుతుంది, కానీ ఎలాంటి భయమన్నది గమనించాలి. ఫ్రాంకెన్‌స్టైన్‌లో బోరిస్ కార్లాఫ్ వేసిన జీవిని చూడండి. జాక్ పియర్స్ రోజూ గంటల తరబడి కూర్చోబెట్టి చేసిన మేకప్, చదునైన నెత్తి, బరువుగా వాలిపోయే కనురెప్పలు. సినిమా మొదట్లో వచ్చే తారాగణం పట్టికలో ఆ పాత్ర ఎదురుగా నటుడి పేరుండదు, ప్రశ్నార్థకం గుర్తు ఒక్కటే ఉంటుంది. ఆ జీవి మాట్లాడదు, వెలుగును పట్టుకోవాలని చేతులు చాస్తుంది, నిప్పు చూస్తే వణికిపోతుంది, ఎవరో పుట్టించి, పుట్టించినవాడే అసహ్యించుకుంటే ఏం చేయాలో తెలియక తడబడుతుంది. చెరువు గట్టున ఒక చిన్న పాప దానితో పూలు నీళ్లలోకి విసిరే ఆట ఆడుతుంది. పూలు తేలుతున్నాయి కదా పాప కూడా తేలుతుందనుకుని ఆ జీవి పాపను నీళ్లలోకి విసిరేస్తుంది. ఈ భాగాన్ని ఆ రోజుల్లో సెన్సారు కత్తిరించింది, 1980ల్లో గానీ మళ్లీ సినిమాలో కలవలేదు. విచిత్రమేమిటంటే ఆ కత్తిరింపు వల్ల సినిమా ఇంకా భయంకరంగా తయారైంది, ఎందుకంటే ఆ జీవి పాప వైపు చేతులు చాచిన దగ్గర షాట్ తెగిపోతే, ఆ తర్వాత ఏమై ఉంటుందో చూసేవాళ్లు తమకు తోచిన ఘోరమంతా ఊహించుకున్నారు. పూర్తి సన్నివేశం చూస్తే అక్కడ దుర్మార్గం లేదు, తెలియనితనమే ఉంది.

పిల్లలకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. పెద్దవాళ్ల లోకంలో తామూ అలాంటివాళ్లే మరి. చేతులు అదుపులో ఉండవు, ఏది ముట్టుకున్నా ఏదో ఒకటి పగులుతుంది, ఎందుకు తిట్టారో అర్థం కాదు. అందుకే పాత రాక్షసుల్లో చాలామంది మీద పిల్లలకు భయంతో పాటు జాలి కూడా పుడుతుంది. భయం ఒక్కటే అయితే రెండు మూడేళ్లలో అరిగిపోతుంది, జాలి కలిస్తే మాత్రం గుర్తుండిపోతుంది. 1941 నాటి వుల్ఫ్ మ్యాన్‌లో లాన్ చేనీ జూనియర్ తోడేలుగా మారకముందే భయపడుతుంటాడు, తనలో ఏదో జరుగుతోందని ఎవరికి చెప్పినా నమ్మరు. ఒళ్లు మారుతున్న వయసులో ఉన్న కుర్రవాడికి ఇంతకంటే సూటిగా తగిలే కథ ఇంకోటి దొరకడం కష్టం.

ఈ సినిమాలు పిల్లల దాకా ఎలా చేరాయన్నది ఇంకో సంగతి. థియేటర్లలో ఆడిన రోజుల కంటే అవి టీవీలోకి వచ్చాకే ఒక తరం మొత్తాన్ని పట్టుకున్నాయి. 1957లో స్క్రీన్ జెమ్స్ సంస్థ యూనివర్సల్ వారి పాత సినిమాలు 52 కలిపి షాక్ అనే పేరుతో టీవీ స్టేషన్లకు అమ్మింది. స్టేషన్లు వాటిని రాత్రి పొద్దుపోయాక వేసేవి, మధ్యమధ్యలో శవపేటికల పక్కన నిలబడి కబుర్లు చెప్పడానికి ఒక వ్యాఖ్యాతను పెట్టుకునేవి. 1954లోనే లాస్ ఏంజెలెస్‌లో వాంపైరా వేషంలో మైలా నుర్మి ఈ పద్ధతికి దారి వేసింది, షాక్ సినిమాలు వచ్చాక ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ లాంటివాళ్లు ఇంటింటి మనుషులైపోయారు. 1958లో ఫారెస్ట్ జె. ఆకర్‌మన్ సంపాదకుడిగా ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్ అనే పత్రిక వచ్చింది. ఒకే ఒక్క సంచికగా వేద్దామనుకున్నది కాస్తా ఏళ్ల తరబడి నడిచింది. ఒంటరిగా రాత్రిపూట సినిమా చూసి వణికిన పిల్లవాడికి, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని ఆ పత్రిక చూశాకే తెలిసింది. అంతకంటే ముఖ్యంగా ఆ పత్రిక నిండా తెర వెనుక ఫోటోలుండేవి: మేకప్ సగం వేసుకుని టీ తాగుతున్న రాక్షసుడు, బల్ల మీద నిలబెట్టిన డైనోసార్, పక్కనే దాన్ని కదిలిస్తున్న మనిషి. భయం కుతూహలంగా మారే మలుపు సరిగ్గా ఇక్కడ ఉంది.

ఆ మలుపును అందరికంటే ముందు, అందరికంటే బాగా చూపించిన మనిషి రే హ్యారీహౌసన్. 1920లో పుట్టిన ఆయన పన్నెండు పదమూడేళ్ల వయసులో లాస్ ఏంజెలెస్‌లో కింగ్ కాంగ్ చూశాడు. అంత పెద్ద కోతి ఎలా కదిలిందో తెలుసుకోకుండా నిద్ర పట్టలేదు. ఆ కోతి నిజానికి అడుగున్నర ఎత్తు బొమ్మ. లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం, పైన కుందేలు బొచ్చు. విల్లిస్ ఓబ్రియన్ బృందం దాన్ని వెంట్రుకవాసి కదిలించి ఒక ఫ్రేము తీసి, మళ్లీ కదిలించి ఇంకో ఫ్రేము తీసి, అలా సెకనుకు 24 ఫ్రేములు పేర్చుకుంటూ పోయింది. కదిలించిన ప్రతిసారీ వేళ్లు తగిలి బొచ్చు చెదిరేది, అందుకే తెర మీద కాంగ్ ఒంటి మీద వెంట్రుకలు గాలికి అల్లాడుతున్నట్టు కనిపిస్తాయి. సాంకేతికంగా అది లోపం. కానీ ఎప్పుడో తొంభై ఏళ్ల కిందట ఒక మనిషి ఆ బొమ్మను ఎక్కడెక్కడ పట్టుకున్నాడో ఆ చెదిరిన బొచ్చులో ఇప్పటికీ చూడొచ్చు. ఆ సంగతి ఒకసారి తెలిశాక కాంగ్ కనిపించే ప్రతి షాట్‌లో ఇద్దరు కనబడటం మొదలవుతుంది, ఒకడు గర్జించే కోతి, ఇంకొకడు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య వచ్చి వెళ్లిన మనిషి. ఈ రెండో మనిషిని పట్టుకోవడం కోసమే సినిమాను మళ్లీ మళ్లీ చూసేవాళ్లున్నారు.

హ్యారీహౌసన్ తర్వాత ఓబ్రియన్ దగ్గరే 1949లో మైటీ జో యంగ్‌కు పనిచేశాడు. బొమ్మల లోపలి లోహపు కీళ్లు చేసిపెట్టడంలో వాళ్ల నాన్న ఏళ్ల తరబడి సాయం చేశాడు. 1955లో ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ద సీ కోసం శాన్‌ఫ్రాన్సిస్కో వంతెనను చుట్టుకునే ఆక్టోపస్ చేయాల్సి వచ్చినప్పుడు, ఎనిమిది చేతుల బొమ్మకు డబ్బు, సమయం చాలవని ఆరు చేతులతోనే సరిపెట్టాడు. కెమెరా ముందు రెండు చేతులు ఎప్పుడూ నీళ్లలోనో ఫ్రేము బయటో ఉన్నట్టు చూపించాడు, లెక్కపెట్టినవాళ్లు తక్కువ. 1963 నాటి జేసన్ అండ్ ద ఆర్గోనాట్స్ చివర్లో ఏడు అస్థిపంజరాలు ముగ్గురు మనుషులతో కత్తియుద్ధం చేస్తాయి. తెర మీద నాలుగైదు నిమిషాలు కూడా ఉండని ఆ పోరాటానికి ఒక్క మనిషి దాదాపు నాలుగున్నర నెలలు కష్టపడ్డాడు. ఏడు బొమ్మలు, ఒక్కోదానికీ తల, చేతులు, కాళ్లు, కత్తి, డాలు. ప్రతి ఫ్రేములోనూ అన్నిటినీ విడివిడిగా జరపాలి, ముందే తీసిన నటుల కదలికలతో కత్తి కత్తికి తగిలేలా కలపాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేస్తే కొన్ని రోజులు పట్టుమని పదమూడు ఫ్రేములు, అంటే సగం సెకను మాత్రమే పూర్తయ్యేది. ఈ అంకెలు తెలిసి ఆ సన్నివేశం చూడటం, తెలియక చూడటం ఒకటి కాదు. తెలిసి చూసినప్పుడు అస్థిపంజరం అడుగు తీసి అడుగు వేస్తుంటే గుండె కొట్టుకోవడం ఎక్కువవుతుంది తప్ప తగ్గదు. మాయ రహస్యం తెలిస్తే మాయ పోతుందని అనుకుంటాం కదా, ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

ఆ రహస్యాన్ని పిల్లల చేతికి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. మేకప్‌లో దిగ్గజం అనదగ్గ డిక్ స్మిత్ 1965లో ఇంట్లో దొరికే వస్తువులతో రాక్షసుల మేకప్ ఎలా వేసుకోవాలో చెబుతూ ఒక పుస్తకం రాశాడు, దాన్ని ఫేమస్ మాన్‌స్టర్స్ ప్రచురణకర్తలే తెచ్చారు. అది చూసి వంటింట్లో ముఖాలకు రంగులు పూసుకున్న పిల్లల్లో రిక్ బేకర్ ఒకడు. 1981 సినిమాల నుంచి ఆస్కార్‌లో మేకప్‌కు ప్రత్యేక విభాగం మొదలైతే, మనిషి తోడేలుగా మారే సన్నివేశం చేసినందుకు మొదటిది అందుకున్నది ఈ బేకరే. తర్వాత ఇంకో ఆరు గెలిచాడు. పీటర్ జాక్సన్ చిన్నప్పుడు టీవీలో కింగ్ కాంగ్ చూసి సొంతంగా తీయబోయి, చివరికి 2005లో నిజంగానే తీశాడు. ఇలాంటి ఉదాహరణలు చాలానే ఉన్నాయి, కానీ అభిమానుల్లో ఎక్కువమంది సినిమాలు తీయరు. మట్టితో ఒక బొమ్మ చేసి వదిలేస్తారు, లేదా ఆ మేకప్ ఎలా వేశారో స్నేహితుడికి గంటసేపు చెబుతారు. తాను కూడా చేయగలనేమో అన్న ఆశ పుట్టించడమే ఈ సినిమాల గొప్ప. వందల కంప్యూటర్లు కలిసి చేసిన గ్రాఫిక్స్ చూసి ఆశ్చర్యపోతాం, అక్కడితో సరి. రబ్బరూ జిగురూ బొచ్చూ చూస్తే చేతులు ఊరుకోవు.

గోజిరా గురించి, అంటే గాడ్జిల్లాగా పేరుపడ్డ జపాన్ సినిమా గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. రబ్బరు సూట్ అనగానే అందరూ నవ్వేది దీన్ని చూసే కదా, కానీ దీనంత బాధ నిండిన రాక్షసుల సినిమా ఇంకోటి లేదు. 1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేసింది. ప్రమాద ప్రాంతం బయటే ఉన్నామనుకున్న లక్కీ డ్రాగన్ అనే జపాన్ చేపల పడవ మీద రేడియోధార్మిక బూడిద రాలింది. పడవలో ఉన్న 23 మందీ జబ్బుపడ్డారు, రేడియో ఆపరేటర్ కుబోయామా సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న గోజిరా విడుదలైంది. అందులో మొదటి సన్నివేశమే సముద్రం మీద ఒక పడవ, ఒక్కసారిగా కళ్లు చెదిరే వెలుగు, ఆ తర్వాత మంటలు. అప్పటి జపాన్ ప్రేక్షకుడికి ఏం గుర్తొచ్చి ఉంటుందో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధంలో సైనికుడిగా పనిచేసి, తిరిగొస్తూ హిరోషిమా శిథిలాలను కళ్లారా చూసినవాడు. అందుకే ఊరు తగలబడటంతో ఆ సినిమా ఆగదు, మర్నాడు ఆసుపత్రి వరండాల్లో నేల మీద పడుకోబెట్టిన మనుషుల్ని, రేడియోధార్మికతను కొలిచే గీగర్ కౌంటర్ మోగుతుంటే ఏం అర్థం కాక చూసే పిల్లల్ని కూడా చూపిస్తుంది.

ఇక తయారీ సంగతి. ఎఫెక్ట్స్ చేసిన ఎయిజీ త్సుబురాయాకు కింగ్ కాంగ్ అంటే ప్రాణం, అలాగే ఫ్రేము ఫ్రేముగా తీయాలని ఉండేది, కానీ అంత సమయం లేదు. అందుకని మనిషికి సూట్ వేశారు. మొదటి సూట్ వంద కిలోల దాకా ఉండేది, లోపల గాలాడదు, మీద స్టూడియో లైట్ల వేడి. హారువో నకజిమా దాన్ని వేసుకుని నాలుగడుగులు వేయడమే గగనం, తీశాక లోపలి నుంచి చెమట వంపేవారు. ఆయన జంతుప్రదర్శనశాలకు వెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్లు నడిచే తీరు చూసి నేర్చుకున్నాడు. 1972 దాకా పన్నెండు సినిమాల్లో ఆ సూట్‌లో ఉన్నది ఆయనే. షాట్లను ఎక్కువ వేగంతో చిత్రీకరించి మామూలు వేగంతో ఆడించడం వల్ల అడుగులో బరువు వచ్చింది. ఆ గర్జన ఏ జంతువుదీ కాదు, సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బేస్ వాయిద్యం తీగలు వదులు చేసి, తోలు గ్లవుతో రుద్దించి, ఆ శబ్దాన్ని నెమ్మది చేసి సృష్టించిన అరుపు. 1956లో అమెరికాలో విడుదల చేసినప్పుడు రేమండ్ బర్ అనే నటుడితో కొత్త సన్నివేశాలు తీసి అతికించారు, అణుబాంబు ప్రస్తావనలు చాలావరకు పలచబడ్డాయి. అసలు జపాన్ రూపం అమెరికా థియేటర్లలో విస్తృతంగా ఆడింది 2004లో. అంటే చిన్నప్పుడు గాడ్జిల్లాను ఊళ్లు తొక్కే బల్లిగా మాత్రమే తెలుసుకున్న అమెరికా అభిమాని, యాభై ఏళ్లు వచ్చాక అదే సినిమాలో ఒక దేశం ఏడుపు ఉందని కనుక్కున్నాడు. ఇంకో గది తెరుచుకోవడం అంటే ఇదే.

తక్కువ డబ్బు విషయంలో ఒక జాగ్రత్త కావాలి. పేదరికమే కళను పుట్టిస్తుందని అనడం అన్యాయం, డబ్బు లేక చెడిపోయిన సినిమాలు కోకొల్లలు. కానీ డబ్బు లేనప్పుడు కొందరు చేసిన పనులు మాత్రం పాఠాలుగా మిగిలాయి. ఆర్‌కేవో స్టూడియో 1942లో నిర్మాత వాల్ ల్యూటన్‌కు మూడు షరతులు పెట్టింది: పేరు మేమిస్తాం, ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు. క్యాట్ పీపుల్ అనే పేరిచ్చి పంపారు. కథలోని చిరుతను ఎక్కువగా చూపించకుండా ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ నీడల్ని నమ్ముకున్నారు. రాత్రిపూట పార్కు గోడ పక్కన ఒక అమ్మాయి ఒంటరిగా నడుస్తుంటుంది, వెనక అడుగుల చప్పుడు వినిపించి ఆగిపోతుంది, నిశ్శబ్దం భరించలేనంత బిగుసుకున్న క్షణంలో బుస్సుమని ఏదో ఫ్రేములోకి దూసుకొస్తుంది. అది బస్సు! ఇవాళ్టి హారర్ సినిమాల్లో కూడా ఆ ట్రిక్కే రకరకాల రూపాల్లో కనిపిస్తుంది, సినిమావాళ్లు దాన్ని ఇప్పటికీ ల్యూటన్ బస్ అనే పిలుస్తారు. ఈ రకం సినిమాల్లో భయాన్ని సగం చూసేవాళ్లే తయారుచేసుకుంటారు, బహుశా అందుకే వాటిని తమ సొంతమన్నట్టు చూసుకుంటారు.

దర్శక నిర్మాత రోజర్ కార్మన్ దారి వేరు, ఆయనకు వేగం ముఖ్యం. 1960 నాటి లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్‌లో ప్రధాన భాగాన్ని, వేరే సినిమా తర్వాత మిగిలిన సెట్టులో, రెండు పగళ్లు ఒక రాత్రిలో తీసేశాడు. ఆయన దగ్గర తక్కువ జీతానికి పనిచేసి నేర్చుకుని, తర్వాత పెద్ద దర్శకులైనవాళ్లలో కొప్పోలా, స్కార్సీసీ, జొనాథన్ డెమీ, జేమ్స్ కామెరాన్ ఉన్నారు. 2009లో ఆయనకు గౌరవ ఆస్కార్ ఇచ్చినప్పుడు బి మూవీ అనే మాటకు పట్టిన మరక కొంతైనా వదిలింది.

మరి నిజంగానే బాగా లేని సినిమాల సంగతేమిటి? ఇక్కడ చాలామంది వెక్కిరింపుకే వస్తారు, స్నేహితులంతా కూర్చుని డైలాగు డైలాగుకూ నవ్వుకోవడం ఒక సరదా, కాదనలేం. కానీ వెక్కిరింపు మీద నిలబడ్డ ఇష్టం ఎక్కువ కాలం ఉండదు, నాలుగైదు సినిమాలకే జోకులు అయిపోతాయి. మిగిలేవాళ్లు వేరే దేనికోసమో చూస్తారు. 1953 నాటి రోబోట్ మాన్‌స్టర్‌నే తీసుకోండి. రోబో సూట్‌కు డబ్బు లేక, సొంతంగా గొరిల్లా సూట్ ఉన్న నటుణ్ని పిలిచి, తలకు గుండ్రటి హెల్మెట్ తగిలించి, ఇదే చంద్రుడి నుంచి వచ్చిన శత్రువు అన్నారు. నాలుగు రోజుల్లో తీసేశారు. చూడగానే నవ్వొస్తుంది. అయితే ఒకసారి కళ్లు మూసుకుని సంగీతం వినండి. ఎల్మర్ బెర్న్‌స్టైన్ ఇచ్చిన సంగీతం అది, ఆ తర్వాత మాగ్నిఫిసెంట్ సెవెన్‌కు పనిచేసిన బెర్న్‌స్టైనే! ఆ గొరిల్లా కోసం ఆయన ఏమాత్రం తక్కువ చేసి రాయలేదు. ఎడ్ వుడ్ తీసిన ప్లాన్ 9 ఫ్రమ్ అవుటర్ స్పేస్‌ను 1980లో ఒక పుస్తకం అన్నిటికంటే చెత్త సినిమాగా ప్రకటించింది. 1956లో చనిపోయిన బేలా లుగోసీని అంతకుముందు తీసిపెట్టుకున్న కొన్ని షాట్లే అందులో ఉన్నాయి, మిగతా చోట్ల ఇంకో మనిషి ముఖానికి దుప్పటిలాంటి కేప్ అడ్డం పెట్టుకుని తిరుగుతుంటాడు. పొరపాట్లు లెక్కలేనన్ని. కానీ పాతికేళ్ల కిందట డ్రాక్యులాగా ప్రపంచాన్ని వణికించి, చివరి రోజుల్లో అందరూ మరిచిపోయిన ముసలి నటుడు ఒక ఇంటి గుమ్మం దగ్గర పువ్వు వాసన చూస్తున్న షాట్ కూడా అందులోనే ఉంది. అది వదిలేసి, అందులోని నవ్వొచ్చే ఎగిరే పళ్లేల గురించే మాట్లాడటం సినిమాను సగం చూసినట్టే.

ఆ చేతులు ఎవరివి అన్న ప్రశ్న కొన్నిసార్లు పాత అన్యాయాలను కూడా బయటికి తీస్తుంది. 1954 నాటి క్రీచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్‌లో మొప్పలు, పొలుసులతో ఉండే జలమానవుడి రూపాన్ని గీసింది మిలిసెంట్ పాట్రిక్ అనే చిత్రకారిణి. స్టూడియో ఆమెను ప్రచారానికి దేశమంతా తిప్పింది, దాంతో మేకప్ విభాగం అధిపతి బడ్ వెస్ట్‌మోర్ కినుక వహించాడు, తిరిగొచ్చేసరికి ఆమెకు అక్కడ పని లేకుండా పోయింది. తెర మీద పేరు ఆయనదే. దశాబ్దాల తర్వాత ఆమె చేసిన పనిని తవ్వి తీసి లోకానికి చెప్పింది చాలావరకు అభిమానులే. ఆ సూట్‌లో నీళ్ల కింద ఈదిన రికో బ్రౌనింగ్ గాలి గొట్టం లేకుండా నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టేవాడు. హీరోయిన్ పైన ఈదుతుంటే ఆమెకు తెలియకుండా కింద అదే లయలో ఈదే ఆ జీవిని చూసిన గియెర్మో డెల్ టోరో అనే పిల్లవాడు, వాళ్లిద్దరూ కలిసిపోతే బాగుండు అనుకున్నాడు. ఆ కోరికతో తీసిన ద షేప్ ఆఫ్ వాటర్ 2017 ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చెత్తగా పేరుపడ్డవాటితో మొదలుపెట్టకపోవడం మంచిది, వెక్కిరింపు అలవాటైతే కన్ను మారదు. ఫ్రాంకెన్‌స్టైన్, దాని తర్వాత 1935లో జేమ్స్ వేల్ తీసిన బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ వెంట వెంటనే చూడొచ్చు, రెండూ కలిపి మూడు గంటలు కూడా లేవు. గోజిరాను జపాన్ భాషలోనే చూడాలి. అదే 1954లో అణుపరీక్షల వల్ల పెరిగిపోయిన చీమల గురించి అమెరికా తీసిన దెమ్‌ను పక్కన పెట్టి చూస్తే, ఒకే భయాన్ని బాంబు వేసిన దేశం ఎలా చెప్పుకుంది, బాంబు పడిన దేశం ఎలా చెప్పుకుంది అన్నది తెలుస్తుంది. లైట్లు ఆపేసి, ఫోన్ దూరంగా పెట్టి చూడాలి, వీటి నడక నెమ్మది. 1968 నాటి నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్ అయితే వెతుక్కోనక్కర్లేదు. విడుదలకు ముందు పేరు మారుస్తూ కాపీరైట్ గుర్తు పెట్టడం మరిచిపోవడంతో అది అందరి సొత్తయింది, తీసినవాళ్లకు నష్టం, చూసేవాళ్లకు వరం. పిల్లలకు చూపించేటప్పుడు మాత్రం దీన్ని వదిలేసి కాంగ్‌తో మొదలుపెట్టాలి, వాళ్లు ఎలా తీశారని అడిగేదాకా ఆ సంగతి చెప్పకూడదు.

పెన్సిల్వేనియాలో ఫీనిక్స్‌విల్ అనే చిన్న ఊళ్లో కలోనియల్ థియేటర్ ఉంది. 1958లో తీసిన ద బ్లాబ్‌లో రంగు కలిపిన సిలికాన్ ముద్ద ప్రొజెక్టర్ గదిలోంచి హాల్లోకి కారిపోతే, జనం కేకలు వేస్తూ బయటికి పరిగెత్తే సన్నివేశం తీసింది అక్కడే. 2000 నుంచి వేసవిలో ఆ సినిమా పేరు మీద పండుగ చేస్తున్నారు. వచ్చినవాళ్లంతా ముందు హాల్లో కూర్చుంటారు, తర్వాత అవే తలుపుల్లోంచి నిజంగానే అరుస్తూ వీధిలోకి పరిగెడతారు, తాతలు మనవళ్ల చేతులు పట్టుకుని మరీ.